ఏడో నంబరు రోడ్డు మీద భోజనం

పారిస్ నుంచి ఇటలీ సరిహద్దు దాకా, వెయ్యి కిలోమీటర్లకి కాస్త తక్కువగా, ఫ్రాన్సులో ఒక పాత రహదారి ఉంది. దాని పేరు నేషనల్ 7. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా 2,369 కిలోమీటర్లు సాగే రహదారి మనకీ ఒకటి ఉండేది. దాని నంబరూ ఏడే. ఫ్రెంచి రోడ్డు లియోన్ దాటాక వియెన్ అనే ఊరి మీదుగా దక్షిణాదికి దిగుతుంది. మన రోడ్డు హైదరాబాదు దాటాక శంషాబాదు మీదుగా కర్నూలు వైపు దిగుతుంది. ఇప్పుడు రెండూ తమ నంబర్లు పోగొట్టుకున్నాయి. ఫ్రాన్సులో 2006లో ఆ రోడ్డులో చాలా భాగాన్ని జిల్లా పాలక మండళ్ళకి అప్పజెప్పి వేరే నంబర్లిచ్చారు. మన దగ్గర 2010 నాటి కొత్త లెక్కల్లో శంషాబాదు రోడ్డు 44లో కలిసింది.

నంబర్ల పోలిక కాకతాళీయం, అందులో అర్థం వెతకనక్కర్లేదు. కానీ ఆ ఫ్రెంచి రోడ్డు వెంబడే, చిన్న చిన్న ఊళ్ళలో, వండేవాళ్ళే యజమానులైన పది పన్నెండు బల్లల హోటళ్ళు పుట్టి ప్రపంచానికి భోజనం గురించి కొత్త పాఠం చెప్పాయి. మన ఏడో నంబరు రోడ్డు మీద అలాంటిది ఎందుకు పుట్టలేదు? అసలు పుట్టలేదా, పుట్టినా మనం లెక్కలోకి తీసుకోలేదా? శంషాబాదు ఎయిర్‌పోర్టులో విమానాల మధ్య నాలుగైదు గంటలు గడపాల్సి వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. దీనికి జవాబు కోసం కొంచెం చరిత్ర తవ్వాలి. ఆ తవ్వకంలో హైదరాబాదుకి వచ్చిన ఫ్రెంచివాళ్ళూ ఉన్నారు, మన పూటకూళ్ళమ్మా ఉంది.

రెస్టారెంటంటే చారు

ముందు మాటల సంగతి. తెలుగులో హోటలంటే తినే చోటు. 'హోటల్లో తిన్నాం' అంటాం, పడుకునే చోటుని లాడ్జి అంటాం. ఫ్రెంచిలో ఓతెల్ అంటే మొదట్లో గొప్పవాళ్ళ భవంతి. రెస్టారెంటు అన్నది మొదట్లో చోటు పేరే కాదు, ఒక పదార్థం పేరు. మాంసాన్ని గంటల తరబడి మరిగించి తీసిన చిక్కటి చారు అది. నీరసించిన ఒంటికి సత్తువ తిరిగి తెచ్చేది కాబట్టి, 'తిరిగి నిలబెట్టేది' అన్న అర్థంలో దాన్ని రెస్టారెంటు అన్నారు. జ్వరం తగ్గినవాడికి మనం పెట్టే జావ లాంటిదన్నమాట.

ఆ చారు అమ్మే చోటుకి చారు పేరే అంటుకుంది. 1765లో బూలాంజే అనే ఆయన పారిస్‌లో మొదటి రెస్టారెంటు పెట్టాడనీ, గొర్రె కాళ్ళు సాసులో వేసి అమ్మితే వంటవాళ్ళ సంఘం కేసు పెట్టిందనీ, ఆయన గెలిచాడనీ ఒక కథ వంటల పుస్తకాల్లో తిరుగుతూ ఉంటుంది. రెబెకా స్పాంగ్ అనే చరిత్రకారిణి 2000లో వచ్చిన తన పుస్తకంలో ఈ కథకి ఆధారాలు దొరకలేదని తేల్చింది. ఆమె పరిశోధనలో ముందుకొచ్చిన పేరు మాత్యురిన్ రోజ్ ద షాంతోయిసో. 1760ల్లో పారిస్‌లో ఇలాంటి చోటు తెరిచిన మనిషి ఈయన. వంటవాడు కాదు. రకరకాల పథకాలు వేసే వ్యాపారి. నగరంలోని వృత్తిపనివాళ్ళ చిరునామాల పుస్తకం కూడా అచ్చువేశాడు.

ఈ కొత్త చోటులో వంటకాల కన్నా పద్ధతి కొత్తది. అప్పటిదాకా పారిస్‌లో బయట తినాలంటే సత్రపు బల్ల దగ్గర కూర్చోవాలి. వేళకి రావాలి, అందరితో కలిసి ఒకే బల్ల మీద, పెట్టింది తినాలి, ఒకటే ధర. రెస్టారెంటులో ఎప్పుడైనా రావచ్చు. ఎవరి చిన్న బల్ల వాళ్ళది. ఏముందో, ఏది ఎంతో రాసిన కాగితం ఇస్తారు. కావలసింది అడగొచ్చు, తిన్నదానికే డబ్బివ్వచ్చు. పక్క బల్ల దగ్గరున్నది ఎవరో తెలియక్కర్లేదు.

1780ల్లో ఆంత్వాన్ బోవిల్యే దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. ఈయన అంతకుముందు రాజుగారి తమ్ముడి కొలువులో వంటల వ్యవహారం చూసినవాడు. మంచి గది, శుభ్రమైన బల్లగుడ్డలు, నేర్పున్న వడ్డనవాళ్ళు, నిజంగా మంచి వంట. ఒకటి రెండుసార్లు వచ్చినవాళ్ళని కూడా ఇరవై ఏళ్ళ తర్వాత గుర్తుపట్టేవాడని బ్రియా సవరాఁ రాశాడు. వంట తెలిసిన మనిషే యజమాని అవడం, ఆ యజమాని బల్లల మధ్య తిరగడం ఇక్కడ మొదలైందనుకోవచ్చు. 1789 విప్లవం తర్వాత ప్రభువుల ఇళ్ళల్లో వంటవాళ్ళు కొందరు పని పోగొట్టుకుని ఈ దారే పట్టారు. విప్లవం వల్లే రెస్టారెంట్లు పుట్టాయనడం మాత్రం సరికాదు. అవి అంతకు ముందే ఉన్నాయి, విప్లవం తర్వాత పెరిగాయి.

ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి. హైదరాబాదు కథకి అవి అవసరం.

కర్నూలు దారిన వచ్చిన ఫ్రెంచివాళ్ళు

గోల్కొండకి ఫ్రెంచి యాత్రికులు పదిహేడో శతాబ్దంలోనే వచ్చారు. వజ్రాల వ్యాపారి తావెర్నియే ఒకటికి రెండుసార్లు వచ్చాడు. 1660ల్లో తెవెనో వచ్చాడు. తావెర్నియే పుస్తకంలో తిండి గురించి పనికొచ్చే ముక్క ఒకటుంది. ముస్లిం అధికారి ఉన్న పెద్ద ఊళ్ళో మాంసం, కోళ్ళు దొరుకుతాయి. కోమట్లూ షావుకార్లూ మాత్రమే ఉన్న ఊళ్ళో పిండి, బియ్యం, కూరలు, పాలతో సరిపెట్టుకోవాలి. అంటే దొరికేవి సరుకులే. వండినది కాదు. సరాయిలో కప్పు ఉంటుంది, నీళ్ళుంటాయి, వంట మాత్రం నీ మనుషులే చేసుకోవాలి.

1751లో బుస్సీ వచ్చాడు. పుదుచ్చేరి నుంచి ముజఫర్ జంగ్‌ని గద్దెనెక్కించడానికి బయల్దేరిన సేనలో 300 మంది ఫ్రెంచివాళ్ళు, 2,000 మంది సిపాయిలు ఉన్నారు. దారిలో రాయచోటి దగ్గర జరిగిన పోరాటంలో ముజఫర్ జంగ్ చనిపోయాడు. బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ని నవాబుగా నిలబెట్టి, కర్నూలు పట్టుకుని, ఏప్రిల్లో హైదరాబాదు చేరాడు. ఈ నగరానికి ఫ్రెంచి అధికారం వచ్చింది దక్షిణం వైపునుంచే. 1758లో లాలీ పిలిపించేదాకా దక్కనులో ఆయన మాట చెల్లింది. బొబ్బిలి కథ కూడా ఆ ఏళ్ళదే.

తర్వాత రేమాఁ. గాస్కనీ ప్రాంతంలో 1755లో పుట్టి, ఇరవై ఏళ్ళకి పుదుచ్చేరి చేరి, 1780ల మధ్యలో నిజాం కొలువుకొచ్చాడు. ఇప్పుడు గన్‌ఫౌండ్రీ అని పిలుస్తున్న చోట ఫిరంగులు పోత పోయించాడు. ఆయన దళం పదివేలు దాటింది. జనం ఆయన్ని మూసా రహీం అన్నారు, మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరు ఆయనదే. 1798 మార్చిలో చనిపోయాడు. ఆ సెప్టెంబరులో నిజాం బ్రిటిష్ వాళ్ళతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచివాళ్ళని కొలువులోంచి తీసేయడానికి ఒప్పుకున్నాడు. అక్టోబరులో ఆ దళాన్ని దాదాపు నెత్తురు చిందకుండా నిరాయుధం చేశారు. మలక్‌పేట వైపు గుట్ట మీద ఆయన సమాధి ఇంకా ఉంది.

హైదరాబాదులో ఫ్రెంచివాళ్ళ ఊసెత్తితే చాలామంది, అన్నేళ్ళు ఉండీ తమ తిండి ఏమీ వదిలి వెళ్ళలేదేం అంటారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బుస్సీ హైదరాబాదు వదిలేసిన 1758 నాటికి పారిస్‌లో రెస్టారెంటే లేదు. రేమాఁ ఓడెక్కిన 1775లో అది నాజూకు జనం చారు తాగే చోటు. అది అసలు పెరిగిన ఏళ్ళలో ఆయన ఇక్కడ ఫిరంగులు పోయిస్తున్నాడు. మనం ఇవాళ ఫ్రెంచి రెస్టారెంటు అనుకునేదాన్ని హైదరాబాదు చూసిన ఫ్రెంచివాళ్ళు వాళ్ళ దేశంలోనే చూడలేదు. వాళ్ళకే తెలియనిది మనకేం ఇస్తారు?

కాశీయాత్రలో మజిలీలు

అదే కర్నూలు దారిన 1830లో ఒక తెలుగాయన వచ్చాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య. ఆ ఏడు మే 18న కాశీకి బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరాడు. 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరేదాకా రాసుకున్న సంగతులు 1838లో పుస్తకంగా వచ్చాయి.

ఆ పుస్తకాన్ని సమాజ చరిత్ర కోసం చదువుతారు, భాష కోసం చదువుతారు. నేను ఈసారి తిండి కోసం చదివాను. ప్రతి మజిలీకీ ఆయన పట్టుకునే లెక్కలు ఇంచుమించు ఒకటే. ఊరు ఎంత పెద్దది, అంగళ్ళున్నాయా, కావలసిన సరుకులు దొరుకుతాయా, నీళ్ళెలాంటివి, దిగడానికి చోటుందా, బ్రాహ్మల ఇళ్ళున్నాయా. వెనక వచ్చేవాడికి ఉపయోగపడాలన్న చూపు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. వండి పెట్టే చోటు గురించి ఆయన బెంగపడడు. బోయీలతో, పరివారంతో, సామానుతో వెళ్తున్నాడు. వంట తనవాళ్ళు చేస్తారు. మరొకరి చేతి వంట తినాలంటే ఆ చెయ్యి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆ రోజుల్లో ఆ ప్రశ్నని దాటి ప్రయాణం లేదు.

పారిస్ రెస్టారెంటుకీ మన దారికీ మధ్య ఉన్న అసలు తేడా ఇదే. అక్కడ రెస్టారెంటు అమ్మింది ముఖ్యంగా అజ్ఞాతాన్ని. డబ్బున్నవాడు ఎవరైనా కూర్చోవచ్చు, పక్కవాడితో పొత్తు లేదు. డబ్బు లేనివాడికి చోటు లేదు, ఆ సంగతీ మరచిపోకూడదు. మన దగ్గర భోజనం బల్ల ఎవరిదో ముందు తేలితే గాని వడ్డన లేదు. ఇరవయ్యో శతాబ్దంలో హోటళ్ళొచ్చాక కూడా బోర్డు మీద కులం పేరు రాసుకున్న కాఫీ హోటళ్ళు ఎన్నో ఏళ్ళు నడిచాయి.

అయితే వండి అమ్మే ఇల్లు మనకి లేదనుకుంటే పొరపాటే. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మిత్రులకి లక్ష్మణవజ్ఝల ఇంట భోజనం ఉంది. ఒక రూకకి మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవు నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. కవి వంటకాలు చెప్పాడు, ధర చెప్పాడు, ఇంటాయన పేరు చెప్పాడు. పారిస్‌లో చారు అమ్మకం మొదలవడానికి శతాబ్దాల ముందటి సంగతి ఇది. మేమే ముందన్న గొప్ప కోసం చెప్పడం లేదు. పారిస్ సత్రపు బల్ల లాగే ఇదీ ఒకే ధర, పెట్టిందే భోజనం. కానీ వండే ఇల్లూ యజమాని ఇల్లూ ఒకటే.

ఫ్రాన్సులో అమ్మలు, మన దగ్గర పూటకూళ్ళమ్మ

నేషనల్ 7కి వస్తాను. 1900లో టైర్ల కంపెనీ మిషెలిన్ ఒక చిన్న పుస్తకం వేసింది. అప్పటికి ఫ్రాన్సు మొత్తం మీద మూడువేల కార్లు కూడా లేవు. పుస్తకం మాత్రం 35,000 ప్రతులు వేసి ఉచితంగా పంచారు. టైరు మార్చడం ఎలా, పెట్రోలు ఎక్కడ, మెకానిక్కు ఎక్కడ, పడక ఎక్కడ. వీరాస్వామయ్య లెక్కలే, పల్లకీ పోయి కారొచ్చింది. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి, అంతే సూత్రం. 1926లో మంచి భోజనానికి నక్షత్రం మొదలైంది. 1930ల్లో అవి మూడయ్యాయి. ఒకటుంటే మంచి చోటు. రెండుంటే దారి మళ్ళి వెళ్ళదగ్గ చోటు. మూడుంటే దానికోసమే ప్రయాణం పెట్టుకోదగ్గ చోటు.

1933లో ఆ మూడు నక్షత్రాలు మొదటిసారి ఇచ్చినప్పుడు రెండు పేర్లు గమనించాలి. ఒకరు వియెన్‌లో 'ల పిరమిడ్' నడిపిన ఫెర్నాఁ ప్వాఁ. వంటవాడు, యజమాని ఆయనే. ఏ పూట బజార్లో ఏది బాగుంటే ఆ పూట అదే వంట. నిన్నటిది ఇవాళ పెట్టకూడదు, ప్రతి ఉదయం మొదటినుంచీ మొదలుపెట్టాలి అన్నది ఆయన పద్ధతి. పారిస్ నుంచి సముద్రతీరానికి వెళ్ళే కార్లు ఆయన గుమ్మం ముందు ఆగేవి. 1955లో ఆయన పోయాక భార్య మాదో 1986లో తాను పోయేదాకా ఆ చోటుని మూడు నక్షత్రాలతో నిలబెట్టింది. పోల్ బొక్యూజ్, ట్రువగ్రో సోదరులు, అలాఁ షపెల్ ఆ వంటింట్లో పనిచేసినవాళ్ళే.

రెండో పేరు యూజెనీ బ్రజ్యే. 1895లో పొలం పనుల కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోయింది. పంతొమ్మిదేళ్ళకి పెళ్ళి కాకుండా బిడ్డని కంటే తండ్రి ఇంట్లోంచి పంపేశాడు. లియోన్ వచ్చి ఇళ్ళలో పనిచేసింది. ఫియూ అనే 'అమ్మ' దగ్గర వంట పట్టుకుంది. లియోన్‌లో ఇలాంటి వంట స్త్రీలని 'మేర్', అంటే అమ్మ అనేవాళ్ళు. ఫియూ అమ్మ దగ్గర భోజనం ఏళ్ళ తరబడి మారేది కాదు. తోలు కింద నల్లటి ట్రఫుల్ పలకలు పెట్టి ఉడికించిన కోడిని ఆవిడే బల్ల బల్లకీ వచ్చి చిన్న కత్తితో కోసి పెట్టేది. తెలుపు మీద నలుపు కాబట్టి ఆ వంటకాన్ని 'అర్ధశోకం' అంటారు. బ్రజ్యే 1921లో సొంతంగా చిన్న హోటలు పెట్టింది. 1933 నాటికి లియోన్‌లో ఒకటి, కొండ దారిలో ఒకటి, రెండిటికీ మూడేసి నక్షత్రాలు. అలా ఆరు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడ. ఆవిడ పేరు ఇవాళ్టికీ ఆ గుమ్మం మీద ఉంది.

ఇప్పుడు మన పూటకూళ్ళమ్మ. చిన్నతనంలోనే భర్త పోయి, ఆస్తిలో పట్టు లేక, పుట్టింటికీ అత్తింటికీ బరువైన ఎందరో బ్రాహ్మణ స్త్రీలకి చేతిలో మిగిలిన విద్య వంట ఒక్కటే. కోర్టు పక్షులకీ చదువుకునే కుర్రాళ్ళకీ దారినపోయే వాళ్ళకీ పూటకింతని తీసుకుని కూడు పెట్టారు. బ్రజ్యే కథకీ దీనికీ ఎంత దూరం? ఇల్లు వెళ్ళగొట్టింది, వంట నిలబెట్టింది. కానీ మన సాహిత్యంలో ఆవిడకి దొరికిన చోటు చూడండి. 1892లో ఆడి, 1909లో ఇప్పటి రూపానికొచ్చిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ తన డబ్బు తినేసిన గిరీశం కోసం చీపురుకట్టతో మధురవాణి ఇంటికొస్తుంది. దెబ్బ మంచం కింది రామప్పంతులుకి తగులుతుంది. మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. అప్పారావుగారు ఆవిడ పక్షానే ఉన్నారని నా నమ్మకం. డబ్బు సంపాదించింది ఆవిడ, తిన్నది ఇంగ్లీషు చదివిన గిరీశం. అయినా నాటకం అంతటిలో ఆవిడకి పేరు లేదు. పూటకూళ్ళమ్మే.

నాటకం దాకా ఎందుకు? మా నాయనమ్మకి పెద్దమ్మ వరసావిడ ఒకరు కాకినాడలో పూటకూళ్ళు నడిపారు. మా తాతగారి చదువుకి ఆవిడే డబ్బిచ్చారని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. వంట గురించి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో అది పరువుతక్కువ. ఆవిడ పేరేమిటని మా అత్తయ్యని అడిగితే 'కాకినాడ పెద్దమ్మే కదరా' అంది. ఇంకో పేరుండేదని ఆవిడకీ తోచలేదు. ఫ్రాన్సులో అమ్మకి వంశనామం చేర్చి బోర్డు రాశారు. మన దగ్గర పెద్దమ్మని ఊరి పేరుతో సరిపెట్టాం.

వియెన్‌కి దిగువన

కొన్నేళ్ళ కిందట పని మీద లియోన్ వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఆ పాత ఏడో నంబరు పట్టుకుని దక్షిణంగా పోయాం. 'ల పిరమిడ్' ధర మాకు అందేది కాదు. వియెన్ దాటాక రోన్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, చర్చి వెనక సందులో, తలుపు పక్కన పలక మీద సుద్దతో మూడు వరసలు రాసి ఉంటే ఆగాం. తొమ్మిదో పదో బల్లలు. వడ్డిస్తున్నది ఒక్కావిడే. నేను మాంసం తిననని వచ్చీరాని ఫ్రెంచిలో చెప్తే ఆవిడ లోపలికెళ్ళి అడిగొచ్చింది. పాలూ మీగడా పోసి పొయ్యిలో కాల్చిన బంగాళాదుంపలు వచ్చాయి. ఆ ప్రాంతం వంటకమే అది. వాల్‌నట్లు వేసిన ఆకుకూర, తర్వాత చెంచాతో తీసుకోవలసినంత మెత్తగా ఉన్న సాఁ మార్సెలాఁ చీజు ముద్ద.

మూడింటికి పొయ్యి ఆర్పి వంటాయన బయటికొచ్చాడు. ఆవిడ భర్తే. ఇల్లు పైనే, వాళ్ళ నాన్నగారు కట్టింది. అద్దె లేదు కాబట్టే నడుస్తోంది అన్నాడు. ఆది రాత్రి, సోమవారం సెలవు. పెద్ద ఫ్రీజరు లేదు, అయిపోతే అయిపోయినట్టే. పిల్లలు ఈ పనిలోకి రారట. చెప్పేటప్పుడు బాధపడ్డట్టు లేడు, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

ఆ లెక్క ఆయన ఒక్కడిదే కాదు. బయట ఫ్యాక్టరీలో వండిన సంచులు తెచ్చి వేడిచేసి పెట్టే హోటళ్ళు ఎక్కువవడంతో ఫ్రెంచి ప్రభుత్వం 2007లో 'మేత్ర్ రెస్టోరాతర్' అనే బిరుదు పెట్టింది. 2014లో 'ఇక్కడే వండినది' అన్న గుర్తుకి చట్టం చేసింది. 2010 నవంబరులో యునెస్కో ఫ్రెంచివాళ్ళ విందు భోజనాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్తులూ జాబితాలూ సాధారణంగా ఒక సంగతి జారిపోతున్నప్పుడే వస్తాయి.

శంషాబాదుకొచ్చిన ఫ్రాన్సు

శంషాబాదు పేరు పాయిగా ప్రభువుల బిరుదు శంషుల్ ఉమ్రా మీద వచ్చిందంటారు. ఆ వంశంవాడే వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ఫలక్‌నుమా, నగరం నుంచి ఇటు వచ్చే వైపే కొండ మీద ఉంది. అందులో 101 మంది కూర్చునే భోజనం బల్ల ఉంది. ఆ కాలానికి ఫ్రెంచి వంట మనకి బ్రిటిష్ వాళ్ళ చేతులమీదుగా వచ్చింది. రెసిడెంట్ల, వైస్రాయిల విందుల్లో మెనూ ఫ్రెంచిలో అచ్చువేయడం మర్యాద. రేమాఁ దళాన్ని పంపేసిన వాళ్ళే వందేళ్ళకి ఫ్రెంచి మెనూ పట్టుకొచ్చారు. వచ్చింది రాజుల బల్ల, పది బల్లల హోటలు కాదు. ఫలక్‌నుమా కూడా 2010 నవంబరులోనే హోటలైంది.

2008 మార్చి 23న శంషాబాదు ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు మొదలయ్యాయి. 5,000 ఎకరాలు పైచిలుకు. ఇప్పుడు ఏడాదికి 2 కోట్లకి పైగా జనం వచ్చిపోతున్నారు. గమనిస్తే ఇక్కడ ఫ్రాన్సు చాలానే ఉంది. ఈ ఎయిర్‌పోర్టు నడిపే సంస్థలో పారిస్ ఎయిర్‌పోర్టుల కంపెనీ 2020లో 49 శాతం వాటా తీసుకుంది. విమానాల ఇంజన్లు చేసే సఫ్రాన్ పక్కనే ఫ్యాక్టరీలు పెట్టింది. ఎయిర్‌పోర్టు దగ్గరి పెద్ద హోటలు నోవోటెల్, అదీ ఫ్రెంచి పేరే. మొదటి నోవోటెల్‌ని 1967లో దుబ్రూల్, పెలిసోఁ అనే ఇద్దరు మిత్రులు లీల్ నగరపు ఎయిర్‌పోర్టు పక్కనే కట్టారు. అమెరికా హైవే హోటళ్ళని చూసి, ఏ ఊళ్ళో దిగినా ఒకేలాంటి గది, ఒకేలాంటి భోజనం ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. ప్రయాణికుడికి ఆశ్చర్యం వద్దు, భరోసా కావాలి. ఫెర్నాఁ ప్వాఁ చెప్పినదానికి ఇది సరిగ్గా తిరగేసిన మాట. రెండూ ఫ్రాన్సు రోడ్ల మీదే పుట్టాయి. శంషాబాదుకి రెండోది చేరింది.

దాన్ని తప్పుపట్టను. అర్ధరాత్రి దిగిన మనిషికి శుభ్రమైన గది కావాలి. ఎయిర్‌పోర్టు అద్దెల్లో పది బల్లల వంటాయన నిలబడలేడు, ఆ సంగతి వియెన్ దిగువన విన్న లెక్కే చెప్తుంది. కానీ హైవే దిగి, అమ్మపల్లి గుడి వైపుకో శంషాబాదు పాత బజారు వైపుకో మళ్ళితే, ముందు వరండాలో రేకులు దించి, భార్యాభర్తలే వండి వడ్డించే చోట్లు కనిపిస్తాయి. ఒక కూర, ఒక పప్పు, పచ్చిపులుసు, కొన్నిచోట్ల జొన్న రొట్టె. మధ్యాహ్నం రెండున్నరకి అయిపోతుంది. పలక మీద సుద్దరాత కూడా ఉండదు, ఏముందో నోటితోనే చెప్తారు. సొంత ఇల్లు, ఆ పూట సరుకు, చేసిన మనిషే ఎదుట నిలబడటం. చిన్న ఫ్రెంచి హోటల్లో మనం మెచ్చుకునే మూడు లక్షణాలూ ఉన్నాయి. లేనిది మూడింటిలో ఒకటీ కాదు, వాళ్ళ పేరు రాసిపెట్టే పుస్తకం.

వంటకాలు గొప్పవా కావా అన్నది వేరే చర్చ. అన్నీ గొప్పగా ఉండవు. లియోన్ అమ్మలందరూ బ్రజ్యేలు కాదు. అయితే అక్కడ రోడ్డున పోయేవాడు ఆగి, తిని, వెనకవాడికి చెప్పాడు. ఒక టైర్ల కంపెనీ దాన్ని లాభం కోసమే అచ్చువేసింది. దానివల్ల ఇంట్లోంచి వెళ్ళగొట్టిన పొలంకూలీ పిల్లకి చరిత్రలో చోటు దొరికింది. మన దగ్గర కవి ఒక్కడు ఓరుగల్లు ఇంటాయన పేరు రాశాడు. వీరాస్వామయ్య ఊరూరి నీళ్ళ రుచి రాశాడు. ఆ రెండు అలవాట్లూ మనవే. రెండూ కలిపి, ఏ ఊళ్ళో ఎవరి చెయ్యి మంచిదో ఆ చేతిగల మనిషి పేరుతో సహా రాయడం మాత్రం ఇంకా మొదలవలేదు.